బత్తాయి తోటలో మూడు రాత్రులు, వెనకాల వెలికొండ

నెల్లూరులో పుట్టి, నెల్లూరులోనే కాపురం చేస్తూ, నలభైకి దగ్గరపడ్డాక మొదటిసారి ఉదయగిరి కొండ ఎక్కానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అది కూడా సగమే ఎక్కాను, ఆ సంగతి తర్వాత చెప్తాను. మనకి ఒక రోజు సెలవొస్తే మైపాడు బీచి, రెండు రోజులొస్తే తిరుపతి, నాలుగొస్తే ఊటీ. మన జిల్లాకి పడమర అనేదొకటి ఉందని ఎలక్షన్లప్పుడు టీవీలో ఎవరో 'మెట్ట ప్రాంతం' అంటే తప్ప గుర్తుకే రాదు.

నిజానికి అంతకుముందు రెండుసార్లు ప్రయత్నించి చెడిపోయాం. మొదటిసారి పొద్దున్నే పోయి రాత్రికి వచ్చేద్దామనుకున్నాం. నెల్లూరు నుంచి ఉదయగిరి సుమారు వంద కిలోమీటర్లు, ఎంతసేపు పడుతుందిలే అనుకుని ఏడింటికి బయల్దేరి, సంగం దగ్గర పెన్న మీద బ్యారేజీ చూస్తూ ఒక అరగంట, ఆత్మకూరులో కారం దోసెలు తింటూ ఇంకో అరగంట పోగొట్టి, కొండ కిందకి చేరేసరికి పదిన్నర. అది మే నెల కూడా. కారు దిగి కొండ వంక చూసి, కొండ మమ్మల్ని చూసి, ఏసీ వేసుకుని వెనక్కి వచ్చేశాం. రెండోసారి తెలివొచ్చిందనుకుని ఆ వైపే ఒక టౌనులో లాడ్జిలో గది తీసుకున్నాం, ఊరి పేరు లాడ్జి పేరు ఎందుకులెండి. కింద ఫంక్షన్ హాలు. రాత్రి పన్నెండు దాకా డీజే, ఆ తర్వాత రోడ్డు మీద లారీల హారన్లు, తెల్లవారుజామున నాలుగింటికి సన్నాయి, ముహూర్తం వాళ్లది, నిద్ర పోగొట్టుకునేది మేమా? పొద్దున లేచేసరికి తొమ్మిది, తలనొప్పి, మళ్లీ ఏసీ వేసుకుని ఇంటికి.

అందుకే మూడోసారి చూడాల్సిన చోట్లు పక్కన పెట్టి, పడుకోవాల్సిన చోటు ముందు వెతకాలని నిర్ణయించుకున్నాను. ఫోన్లో మ్యాపు తెరిచి, ఉదయగిరి కోట, భైరవకోన, ఘటిక సిద్ధేశ్వరం మూడింటికీ చుక్కలు పెట్టి చూస్తే అన్నీ వెలికొండల తూర్పు అంచు పట్టుకునే ఉన్నాయి. భైరవకోన చంద్రశేఖరపురం మండలంలోది, పక్క జిల్లా వాళ్ల సొత్తు, సిద్ధేశ్వరం మన సీతారాంపురం మండలంలోది, కానీ కొండలకి జిల్లాలతో పనేముంది. ఉదయగిరికీ సీతారాంపురానికీ మధ్యలో ఎక్కడైనా తల దాచుకునే చోటు దొరికితే ఏ పక్కకి పోయినా మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చేయచ్చు. ఇంత చిన్న లెక్క వేయడానికి నాకు రెండు ట్రిప్పులు పట్టింది.

పెంచలకోనలో దిగితే సరిపోదా అని మా ఆయన. కోన బాగుంటుంది, నరసింహస్వామి గుడి, వెనకాల జలపాతం, నాకూ ఇష్టమే, కానీ శనివారం వస్తే జాతర, పైగా అది రాపూరు వైపు, అక్కడి నుంచి భైరవకోనకి పోవడమంటే మళ్లీ కారులోనే కాపురం. వద్దన్నాను.

చివరికి మా ఆఫీసులో ఒకావిడ వాళ్ల బంధువులకి ఆ వైపు బత్తాయి తోట ఉందని, అందులో రెండు గదులు కట్టి తెలిసినవాళ్లకి ఇస్తున్నారని చెప్పింది. తోట ఆసామి నెల్లూరులోనే ఉంటాడు. ఆయన వాట్సాప్‌లో 'ఫారెస్ట్ వ్యూ క్యాబిన్' అని రాసి ఆరు ఫొటోలు పంపాడు, చెక్క తలుపు, ఎర్ర పెంకులు, ముందు వసారా, వెనకాల నీలంగా కొండ. మా వాడు ఎగిరి గంతేశాడు. సరే, తోటలో ఉండే పెద్దాయన నంబరు తీసుకుని ఫోన్ చేసి, మేం క్యాబిన్‌కి వస్తున్నామండీ అంటే ఆయన ఒక నిమిషం ఆగి, "క్యాబినా? అట్టాంటిదేం లేదమ్మా ఈడ. మందుడబ్బాలు పెట్టుకునే షెడ్డు ఒకటుండేది, దాన్నే గదులు చేసినారు. అదేనా మీరడిగేది?" అన్నాడు. ఆ మాటతోనే నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఫొటోలు పంపిన మనిషి కన్నా, షెడ్డుని షెడ్డు అన్న మనిషిని నమ్మడం మేలు.

ఆయన్ని ప్రశ్నలతో చంపాననుకోండి. మెయిన్ రోడ్డు నుంచి తోట దాకా మట్టిబాట ఎంత, వాన పడితే కారు దిగబడుతుందా, తాగే నీళ్లు ఎట్లా (ఉదయగిరి మెట్టలో కొన్ని ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ, క్యాన్ నీళ్లే దిక్కు), బాత్రూం గదికి ఆనుకునే ఉందా లేక టార్చి లైటు పట్టుకుని పోవాలా, వంట ఎవరు చేస్తారు, దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడ, కుక్క ఉందా. కుక్క ఉందా అని ఎందుకు అడిగానంటే, ఉంటే రాత్రి ధైర్యంగా ఉంటుంది. ఉంది. ఇంకో ముఖ్యమైన ప్రశ్న, స్థలం ఎవరిది అని. ఇది మీరూ అడగండి. రిజర్వు ఫారెస్టు లోపల గది ఇస్తామని ఎవరైనా బయటివాళ్లు చెప్తే అనుమానించాల్సిందే, అడవి లోపల కట్టుకోవడానికి బయటివాళ్లకి హక్కు లేదు. ఈ తోట పట్టా భూమి, కంచె అవతల అడవి మొదలు. మనకి ఆ కంచె ఇవతల చాలు. రోజుకి రెండు వేలు, వంటకి సరుకులు మనవి, చేసిపెట్టినందుకు పెద్దాయన భార్య పెద్దమ్మకి విడిగా ఇవ్వాలి.

ఇన్ని అడిగినదాన్ని కరెంటు ఎప్పుడొస్తుందని మాత్రం అడగలేదు. కరెంటు ఉందా అంటే ఉందన్నారు, ఊరుకున్నాను. దాని ఫలితం చెప్తాను.

కార్తీక మాసం ఎంచుకున్నాం. మనకి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే కదా, కోనల్లో నీళ్లు చూడాలంటే అప్పుడే పోవాలి, కానీ బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే ట్రిప్పు గంగలో కలిసినట్టే. వారం ముందు నుంచి మా ఆయన రోజుకి నాలుగుసార్లు వాతావరణం యాప్ చూస్తూ టెన్షన్ పడ్డాడు. కార్తీక సోమవారాలు శివాలయాల్లో ఇసకేస్తే రాలనంత జనం కాబట్టి మంగళవారం బయల్దేరి శుక్రవారం వచ్చేలా పెట్టుకున్నాం. మేం, మా తొమ్మిదేళ్ల పిల్లోడు, మా అత్తమ్మ. అత్తమ్మకి గుళ్లు కావాలి, పిల్లోడికి జలపాతం కావాలి, మా ఆయనకి కోట కావాలి, నాకు నిద్ర కావాలి. నలుగురిలో ఎవరూ ఎవరితోనూ ఏకీభవించని ఇంట్లో ఇట్లాంటి ట్రిప్పు వేయడం పంచాయితీ ఎలక్షన్ పెట్టడంతో సమానం.

మధ్యాహ్నం మూడింటికి చేరాం. షెడ్డు షెడ్డే, కానీ శుభ్రంగా ఉంది. గచ్చు నేల, నులక మంచాలు రెండు, చెక్క మంచం ఒకటి, గోడకి పాత క్యాలెండరు, మూలన ఇంకా కొంచెం పురుగుమందు వాసన, కిటికీ తెరిస్తే పోయింది. వసారాలో కూర్చుంటే ఎదురుగా బత్తాయి చెట్లు వరసగా, వాటి మీదుగా కంచె, కంచె వెనకాల చిట్టడవి, ఆ పైన కొండ. అత్తమ్మ మంచం మీద కూర్చుని నాలుగు పక్కలా చూసి, "ఊళ్లో అంత ఇల్లు పెట్టుకుని, డబ్బులిచ్చి చేని కాపలా కాయడానికి వచ్చినామా అమ్మాయ్" అంది. నేనేం మాట్లాడలేదు. సాయంత్రానికి ఆవిడా, పెద్దమ్మా వసారాలో చెనక్కాయలు వలుస్తూ ఎవరి మోకాళ్లు ఎక్కువ నొప్పో పోటీ పెట్టుకున్నారు, ఇక నా సమస్య తీరింది.

చీకటి పడ్డాక చూడాలి అసలు. నిశ్శబ్దం అని మనం అనుకునేది అక్కడ నిశ్శబ్దం కాదు. కీచురాళ్లు, దూరంగా నెమలి అరుపు (మా వాడు పిల్లి ఏడుస్తోందన్నాడు), ఏదో రాత్రిపిట్ట రాయి మీద రాయి వేసి కొట్టినట్టు టక్ టక్ టక్ మని, ఆగి, మళ్లీ మొదలు. అయితే వీటిల్లో ఒక్కటీ మనల్ని పిలిచే శబ్దం కాదు. హారన్ మనల్ని పిలుస్తుంది, ఫోను మనల్ని పిలుస్తుంది, కుక్కర్ విజిల్ కూడా నన్నే పిలుస్తుంది. ఫోన్ సిగ్నల్ కావాలంటే నీళ్ల తొట్టి గట్టు ఎక్కి కొండకి వీపు పెట్టి నిలబడాలి, మా ఆయన ఆఫీసు కాల్ ఒకటి అట్లా నిలబడే మాట్లాడాడు, కింద నుంచి కుక్క ఆయన్నే చూస్తూ కూర్చుంది. పెద్దమ్మ సజ్జ రొట్టెలు, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. ఎనిమిదిన్నరకి అందరం నిద్ర. నేను పెళ్లయ్యాక ఎనిమిదిన్నరకి పడుకున్న రోజు ఇంకోటి లేదు.

పొద్దున నాలుగున్నరకి లేస్తే కుళాయిలో నీళ్లు లేవు. రాత్రి నలుగురం తలంట్లు పోసుకుని, మా వాడు షవర్ కింద పాటలు పాడి, ట్యాంకు ఖాళీ చేసేశాం. లైట్లు వెలుగుతున్నాయి కదా మోటారు వేయండి అని పెద్దాయన్ని లేపితే ఆయన నవ్వాడు. ఇంట్లో లైటు, ఫ్యాను సింగిల్ ఫేజు, ఎప్పుడూ ఉంటుంది. బోరు మోటారుకి త్రీ ఫేజు కావాలి, వ్యవసాయానికి ఇచ్చే ఆ కరెంటు రోజుకి తొమ్మిది గంటలు, పగటిపూట, అది వచ్చేదాకా చుక్క నీళ్లు రావు. పాపం ఆయనే తొట్టిలోంచి నాలుగు బిందెలు మోసుకొచ్చి, "పాపా, మీరు రాత్రి వాడిన నీళ్లు మా ఇద్దరికీ నాలుగు దినాలు వస్తాయి" అన్నాడు, కోపంగా కాదు, లెక్క చెప్తున్నట్టుగా. ముఖాలు కడుక్కుని బయల్దేరాం. మీరు ఇట్లాంటి తోటల్లో దిగితే, కరెంటు ఉందా అని కాదు, త్రీ ఫేజు ఎన్నింటికి అని అడగండి.

పదిహేను నిమిషాల్లో కొండ కింద ఉన్నాం, ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఈ ఒక్క పదిహేను నిమిషాల కోసమే ఆ షెడ్డు. ఉదయగిరి కొండ సముద్రమట్టానికి 3079 అడుగులు అని పాత గెజిటీరులో ఉంది. సంజీవకొండ అని కూడా అంటారు, మందు మొక్కలు ఎక్కువని. కింద అయిదు, పైన ఎనిమిది, మొత్తం పదమూడు కోటలు ఉండేవట, ఇప్పుడు పడిపోయిన గోడలు, ద్వారాలు, ముళ్లకంపలు. ఊరబ్బాయినొకణ్ని తోడు తీసుకున్నాం, తీసుకోకుండా ఎక్కకండి, దారి చాలా చోట్ల దారిలా ఉండదు, పైన అంగడి లేదు, నీళ్లు మోసుకుపోవాల్సిందే.

మా ఆయనకి కోట కనపడితే చరిత్ర మాస్టారు పూనుతాడు. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కొండ కిందకి సైన్యంతో వచ్చి కూర్చున్నాడు, పైన ఒడిశా గజపతుల మనుషులు, కోట దక్కేసరికి 1514. ఏడాదికి పైగా ముట్టడి! నేను ఒక రాతి మీద కూర్చుని నీళ్లు తాగుతూ విన్నాను, ఇంకా ఏడు కూడా కాలేదు, అప్పటికే చీర చెంగు పిండితే చెమట కారేలా ఉంది. కొండ మీదికి నిటారుగా లేచిన ఆ రాతి గోడలు చూస్తే మాత్రం ఏడాది ఎందుకు పట్టిందో పుస్తకం చదవక్కర్లేదు. పైన ఉన్నవాడికి గింజలూ నీళ్లూ ఉంటే చాలు, కింద ఉన్నవాడు ఎంత పెద్ద రాజైనా ఎదురుచూడాల్సిందే. రాయలు గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి, అక్కడ కృష్ణాలయం కట్టించి 1515లో ప్రతిష్ఠ చేశాడు. మేం పోయినేడు హంపీ వెళ్లాం, ఆ గుడి ముందు ఫొటోలు దిగాం, అది మన ఊరి కృష్ణుడి కోసం కట్టిన గుడి అని నలుగురిలో ఒక్కరికీ తెలీదు. మా ఆయనకి తెలుసట, అప్పుడు చెప్పలేదట. వదిలేయండి.

సగం దూరంలో, ఒక పడిపోయిన బురుజు దగ్గర నా మోకాళ్లు ఇక చాలన్నాయి. వాళ్లిద్దరూ ఆ అబ్బాయితో పైకి పోయారు, నేను అక్కడే ఒక చెట్టు కింద. రెండు గంటలకు పైగా ఒక్కదాన్నే కూర్చున్నాను. కింద ఊరు, అటు పక్క చెరువులు ఎండకి కంచు పళ్లేలు బోర్లించినట్టు, ఎక్కడో మేకల మెడ గంటలు. ఎవరో కట్టిన గోడ, దాని ఇటుకల సందులో పిచ్చిమొక్క, దాని మీద చీమలు. అంతే. పిల్లోడు దిగొచ్చి పైన మసీదు ఉందని, నీళ్ల గుండం ఉందని, నాన్న రెండుసార్లు జారిపడ్డాడని రిపోర్టు ఇచ్చాడు. మసీదు గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కాలం నాటిది. గజపతులు, రాయలు, గోల్కొండ వాళ్లు, ఆ తర్వాత నవాబులు, అందరూ ఆ మోకాళ్ల పర్వతం ఎక్కారన్నమాట, నేను తప్ప.

పదకొండున్నరకి మళ్లీ తోటలో ఉన్నాం. త్రీ ఫేజు వచ్చింది, నీళ్లొచ్చాయి, ఈసారి బకెట్టుకి ఒకరు అని రూలు పెట్టాను. పెద్దమ్మ రాగి సంకటి, నాటుకోడి పులుసు చేసిపెట్టింది, అత్తమ్మ కార్తీకమాసం కాబట్టి గోంగూరతో సరిపెట్టుకుంది, మేం మాత్రం కార్తీకాన్ని ఒక పూట వాయిదా వేశాం. తిని పడుకుంటే నాలుగింటికి లేచాం. ఎండ పోయాక మళ్లీ ఉదయగిరి, ఈసారి ఊళ్లోకి, చెక్క గరిటెలు కొనడానికి. నెల్లూరు నుంచి వచ్చి సాయంత్రానికి పోవాల్సిన మనిషి ఇట్లా ఒకే ఊరికి ఒకే రోజు రెండుసార్లు పోగలడా?

గరిటెలు చేసే ఇంట్లో వసారాలో ఒకావిడ కూర్చుని ఉంది. చెక్క ముక్కని కాళ్ల మధ్య ఇరికించి, చిన్న బాడిసతో చెక్కుతుంటే పేళ్లు ఆవిడ ఒళ్లోనే పడుతున్నాయి, చూసి కొట్టడం లేదు, మాతో మాట్లాడుతూనే కొడుతోంది, అయినా ముక్క తిప్పినప్పుడల్లా గరిటె గుంట కొంచెం కొంచెం బయటపడుతోంది. ఆ తర్వాత ఆకురాయి పట్టింది. ఆకురాయి వెళ్లే శబ్దం మారుతుంది, మొదట గరగర, పోగా పోగా సన్నగా, చివరికి పిల్లి నాలుక శబ్దం. శబ్దం అట్లా సన్నబడ్డాక ఆపేసి, బొటనవేలు అంచు వెంబడి ఒక్కసారి నడిపి, ఒకచోట ఆగి, మళ్లీ అక్కడ మాత్రం రెండుసార్లు రాసింది. నాకు ఆ గరుకు చేతికి అందనేలేదు. నర్ది చెక్క, బిక్కి చెక్క వాడతారు, చుట్టుపక్కల కొండల్లోవే. తరాల నుంచి ఎక్కువగా ముస్లిం కుటుంబాలే ఈ పని చేస్తున్నాయి, ఉదయగిరి చెక్క సామానుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు వస్తే ఏమైందమ్మా, కొనేవాళ్లు రావాలి కదా అని ఆవిడే అంది. రెండు గరిటెలు, ఒక అట్లకాడ, పిల్లోడి కోసం ఫోర్కు ఒకటి తీసుకున్నాను. బేరం ఆడలేదు, ఆ బొటనవేలు చూశాక ఆడబుద్ధి కాలేదు. అత్తమ్మ ఆడింది.

మూడో రోజు భైరవకోన. దీని గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే ఇది మీరు చూసి తీరాల్సిన చోటు, నేను రాస్తే తగ్గిపోతుంది. ఒకే కొండ రాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, ఎదురుగా కోన, కోనలోకి పైనుంచి దూకే నీళ్లు. ఎనిమిదిన్నరకల్లా చేరాం కాబట్టి మాతో పాటు ఇంకో రెండు కుటుంబాలే ఉన్నాయి, పది దాటాక ఆటోలు వరస కట్టాయి. మా వాడు నీళ్ల కింద నుంచి బయటికి రానన్నాడు, వాళ్ల నాన్న కూడా రానన్నాడు. అత్తమ్మ ఎనిమిది గుహల దగ్గరా ఆగి, ఒక్కో ద్వారపాలకుణ్ని నిలబెట్టి ఇంటర్వ్యూ చేసినట్టు చూసి, "వీళ్ల నడుములు చూడు, ఎంత సన్నమో, అప్పట్లో సజ్జలే తినుంటారు" అంది. మూడు ముఖాల దుర్గాంబ దగ్గర మాత్రం కదల్లేదు. కార్తీక పౌర్ణమి రాత్రి వెన్నెల అమ్మవారి మీద పడుతుందని చెప్తారు, ఆ రాత్రికి తెగ జనం వస్తారట. మేం పౌర్ణమి దాటి వచ్చాం, ఆవిడకి ఆ బాధ ఉండిపోయింది, వచ్చే ఏడు ఆ తేదీకే గదులు చెప్పిపెట్టమని అప్పుడే హుకుం జారీ అయింది.

ఆ సాయంత్రం జరిగిందే నాకు బాగా గుర్తుండిపోయింది. మా వాడు తోట చుట్టూ తిరుగుతూ కంచె దగ్గర ఒక కర్ర ముక్క దొరకబుచ్చుకుని వచ్చాడు, జానెడు ఉంటుంది, పైన తోలు మొసలి వీపులా చదరాలు చదరాలుగా పగిలి, విరిగిన చోట లోపల ముదురు ఎరుపు. దాన్ని కత్తిలా తిప్పుతూ వసారాలోకి వచ్చాడు. పెద్దాయన తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. "బాబూ, ఏడ దొరికిందిది?" అని అడిగి, చేతిలోంచి తీసుకుని, తిప్పి చూసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా లేచి కంచె దాకా నడిచి, అవతలికి విసిరేసి, చేతులు పంచెకి తుడుచుకుని వచ్చాడు. ఎర్రచందనం. ప్రపంచంలో మన ఈ కొండల్లోనే పుట్టే చెట్టు, శేషాచలం నుంచి ఈ వెలికొండల దాకా. "పుల్ల కదా అనుకుంటారు. కారులో ఆ పుల్లుంటే చెక్‌పోస్టు కాడ మీ నాయన జవాబు చెప్పుకోవాల. ఆ చెట్టు కోసరం మా ఊరోళ్లు ఎంతమంది కోర్టుల చుట్టూ తిరగతన్నారో నీకేం తెలుసు" అన్నాడు. ఒకప్పుడు తోటలో రాత్రిళ్లు కంచె అవతల గొడ్డలి చప్పుడు వినపడేదట, వినపడితే లైటు ఆర్పి పడుకునేవాళ్లట, వాళ్లెవరో చూసినా కష్టమే, చూడకపోయినా కష్టమే. ఇప్పుడు తగ్గింది అంటాడు. ఆ రాత్రి నేను చాలాసేపు టక్ టక్ మనే ఆ పిట్టని వింటూ పడుకున్నాను, మొదటి రాత్రి విన్నట్టు వినలేకపోయాను.

మా వాడు మాత్రం ఏడ్చాడు. ఒక్క పుల్లకి జైల్లో వేస్తారా తాతా అని. వేయరులే నాయనా అని పెద్దాయన వాడికి బత్తాయి చెట్టు కొమ్మతో గిల్లిదండ చేసిచ్చాడు.

ఇట్లాంటి చోటు అందరికీ పడదని కూడా చెప్పాలి. రాత్రి తలుపు తీసి బయట నిలబడటానికి భయపడేవాళ్లకి కష్టం, ఎలుగుబంట్లు ఆ వైపు ఉన్నాయి, అడవిపందులు చేలల్లోకి వస్తాయి, అందుకే చీకటి పడకముందే తోటకి చేరిపోవాలన్నది పెద్దాయన పెట్టిన ఏకైక నియమం. బీపీ, షుగరు మందులు సరిపడా తెచ్చుకోవాలి, మర్చిపోతే మళ్లీ ఉదయగిరే. పాముల భయం ఉంటే చెప్పులు దులిపి వేసుకోవడం నేర్చుకోవాలి. ఆఫీసు పని పెట్టుకుని పోతానంటారా, తొట్టి గట్టు ఒక్కటే ఉంది, అది మా ఆయన బుక్ చేసేసుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే సామాన్లు సర్దుకుని ఘటిక సిద్ధేశ్వరం మీదుగా వెనక్కి. అడవిలో గుడి, సిద్ధేశ్వరుడు, ఇష్టకామేశ్వరి. అవధూత కాశినాయన పుట్టింది ఈ సీతారాంపురం మండలం బెడుసుపల్లెలోనే, ఆయన తిరిగిన గుళ్లలో ఇదీ ఒకటి. అడవిలో ఎక్కడ పాడుబడ్డ గుడి కనపడినా బాగుచేయించి, వచ్చినవాళ్లకి అన్నం పెట్టించిన మనిషి, ఈ వైపు ఇళ్లల్లో దేవుడి పటాల పక్కన ఆయన ఫొటో ఉంటుంది. అక్కడ బంతిలో కూర్చుని అన్నం, పప్పు, చారు తిన్నాం. అత్తమ్మ నాలుగు రోజుల్లో మొదటిసారి ఏ కామెంటూ చేయకుండా తినేసింది.

సోమశిల పోయేటప్పుడు కాకుండా వచ్చేటప్పుడు పెట్టుకోవడం మంచిదైంది, సాయంత్రం గాలికి డ్యాం దగ్గర బాగుంటుంది. 78 టీఎంసీల జలాశయం, కొండల మధ్య పెన్నని పట్టి నిలబెట్టారు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నెల్లూరులో నిద్రలేని రాత్రులు గడిపిన మాకు, ఆ నీళ్లు అట్లా కదలకుండా ఉండటం చూస్తే ఒక పక్క ముచ్చట, ఇంకో పక్క గుబులు. పది నిమిషాలే ఉన్నాం.

అసలు తమాషా అంతకుముందే, దారిలో అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర జరిగింది. కారు ఆపి డిక్కీ తీయమన్నారు. డిక్కీలో బట్టల బ్యాగులు, పెద్దమ్మ ఇచ్చిన బత్తాయిల గోతాం, పైన న్యూస్ పేపరులో చుట్టిన గరిటెల పొట్లం, ఒక కాడ బయటికి పొడుచుకుని ఉంది. గార్డు ఆ కాడని ముట్టుకున్నాడో లేదో వెనక సీట్లోంచి మా వాడు అద్దం దించి, "అంకుల్, మేం చందనం తేలేదు! తాత పారేశాడు!" అని గట్టిగా అరిచాడు. మా ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. గార్డు వాడి వంక చూసి, పొట్లం విప్పి, గరిటె బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి, గుంటలో బొటనవేలు పెట్టి చూశాడు.

"ఎంతకిచ్చినారు?"

అత్తమ్మ చెప్పింది. బేరం ఆడాక రేటు చెప్పింది.

"ఎక్కువే పెట్టినారు పెద్దమ్మా" అని పొట్లం మళ్లీ చుట్టి, బత్తాయిల పక్కన నలక్కుండా పెట్టి, "వాడేముందు కొబ్బరినూనె పట్టించండి, లేదంటే చీలతాయి" అని చెప్పి డిక్కీ వేశాడు.